రూతమ్మ టీచరు నాకివ్వని రాయి

ఇంటికి సున్నం కొట్టిస్తున్నాను. పెరట్లో తొట్టిలో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోశారు. అవి బుసబుసమని ఉడికి, ఆవిరి వరండా దాకా వచ్చింది. పేపరు చదువుకుంటున్న నేను ఆ వేడి వాసన ముక్కుకు తగలగానే పేపరు మడిచి పక్కన పెట్టేశాను. అందరికీ అది పండగ ముందరి వాసన. నాకు మాత్రం రూతమ్మ టీచరు ఇంటి వాసన. ఆవిడ చీరకొంగున, వేళ్ళ సందుల్లో, బల్ల మీద, ఆఖరికి ఆవిడ ఇచ్చే కాఫీ గ్లాసు అంచున కూడా తెల్లటి రాతిపొడి ఉండేది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ మీద నాకున్న ప్రేమా తగ్గలేదు, కోపమూ తగ్గలేదు. ఒకే మనిషి మీద ఈ రెండూ ఇన్నేళ్ళు ఎట్లా ఉంటాయని మా వాళ్ళు నవ్వుతారు. ఉంటాయి. ఆవిడను చూడనివాళ్ళకు మొదటి నుంచీ చెబితే తప్ప అర్థం కాదు.

అవి రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. చిత్తూరులో మిషను వాళ్ళ ఆడపిల్లల బడిలో రూతమ్మ టీచరు పై తరగతులకు ప్రకృతి పాఠాలు చెప్పేది. నేను ఆ బడిలోనే చదువుకుని, అక్కడే చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే పనిలో చేరాను. నా జాతకంలో ఏదో దోషముందట, సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయేవి. పెళ్ళి కుదిరేదాకా ఇంట్లో ఊరికే కూర్చోవడమెందుకని మా నాయన ఆ పనికి ఒప్పుకున్నాడు. రూతమ్మ టీచరు పొడుగాటి మనిషి. నల్లంచు తెల్లచీర, మగవాళ్ళ గొడుగు, భుజాన గుడ్డసంచి. ఆ సంచిలో బైబిలుతో పాటు ఒక సుత్తి కూడా ఉంటుందని బడిలో అందరికీ తెలుసు. వాళ్ళ నాయన రైల్వేలో మేస్త్రీగా అరవదేశంలోని అరియలూరులో పనిచేసేటప్పుడు, పట్టాల కోసం తవ్విన గట్టుల్లో ఆవిడకు సుడి తిరిగిన రాళ్ళు దొరికాయట. అప్పుడు పట్టుకున్న పిచ్చి ముసలితనం దాకా వదల్లేదు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, సెలవు దొరికితే చాలు రైలెక్కి అరియలూరు పోయేది. తిరిగి వచ్చేటప్పుడు కూలీ మోయలేక తిట్టుకునేంత రాయి తెచ్చేది.

ఒకనాడు బడి వదిలాక నన్ను వాళ్ళింటికి తీసుకుపోయింది. బల్ల మీద గుడ్డ తీసి, అరచేయంత రాయి ఒకటి ఎత్తి నా ముందు పెట్టింది. పాము చుట్ట చుట్టుకున్నట్టు ఉంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఏందమ్మణ్ణీ, అట్ల సూస్తావు? పట్టుకో."

"ముట్టుకోకూడదు టీచరమ్మా."

"ఎవురు జెప్పినారు?"

"ఇట్లాంటిదే మా ఇంట్లో పూజలో ఉండాది. శాలగ్రామం. ఆడోళ్ళు ముట్టుకోకూడదు."

ఆవిడ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని నిదానంగా చెప్పింది. "మీ ఇంట్లోది గండకీ నదిలో దొరికింది. ఇది అరియలూరు మట్టిలో దొరికింది. రెండూ ఒకే కులం. అమ్మోనైట్ అంటారు. సముద్రంలో బతికిన పురుగు ఇది. గవ్వ లోపల గది కట్టుకునేది. ఒళ్ళు పెరిగేకొద్దీ ముందుకు జరిగి, వెనకాల గోడ కట్టేసి, ఇంకో గదిలో కాపురముండేది. ఈ సన్న గీతలు జూడు, అవే ఆ గోడలు. సముద్రం ఎండిపోయి రాయి మిగిలింది. ఆ పురుగు ఆడదో మగదో నాకు దెలీదు. పట్టుకో."

పట్టుకున్నాను. చల్లగా, నేను అనుకున్నదానికంటె బరువుగా ఉంది. దాని ఒంటి మీద కొత్తిమీర ఆకు అంచుల్లా వంకరటింకర గీతలు, ఒకదాని వెనక ఒకటి, సుడి లోపలికి పోయేకొద్దీ సన్నబడుతూ ఉన్నాయి. చెప్పొద్దూ, ఆ రాయి తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. అది ఆవిడకు తెలిసిపోయింది. "కావాలంటే ఒకటి సంపాదించుకో. నాకొక పద్ధతి ఉండాది. రాయి ఎవురికి దొరికిందనేది నాకు లెక్కలేదు. ఆ గీతలు కండ్లు మూసుకొని ఎవురు గీస్తే రాయి వాళ్ళది," అంది.

ఆ మాట నాకెంత పెద్దదో తెలియాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. శాలగ్రామాన్ని కొనకూడదు, అమ్మకూడదు. ఎవరన్నా దానమివ్వాలి, లేదంటే తండ్రి తర్వాత కొడుక్కు రావాలి. మా తాత నుంచి మా నాయనకు వచ్చింది, నాయన నుంచి నా తమ్ముడు వరదుడికి పోతుంది. వాడు నాకంటె ఏడాది చిన్న. ఒడుగు కాగానే నాయన వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ రాయిని వాడి అరచేతిలో పెట్టాడు. వాడు ఆవలిస్తూ అభిషేకం చేసేవాడు. నేను గంధం తీసేదాన్ని, తులసి కోసేదాన్ని, శనివారం శనివారం బావి దగ్గర కూర్చుని చింతపండుతో పూజసామాను తోమేదాన్ని. ఇంత చేసి గడప ఇవతల నిలబడి తీర్థం పుచ్చుకునేదాన్ని. వాణ్ణి చూస్తే నాకు కళ్ళు కుట్టేవి. తమ్ముడు కదా అని సర్దుకోమనేది అమ్మ. తమ్ముడు కాబట్టే కుట్టేవి. పక్కింటివాడైతే నాకేం పట్టింది.

అందుకని రూతమ్మ టీచరు ఇల్లు నాది అనుకున్నాను. వరదుడికి లేనిది ఒకటి నాకు ఉంది. సాయంత్రాలు అక్కడే కూర్చుని పలక మీద ఆ గీతలు గీసేదాన్ని. ఆవిడ నిమ్మరసం చుక్క వేసి ఏది సున్నపురాయో ఏది కాదో చూపించేది, సున్నపురాయైతే బుడగలొచ్చేవి. గీయడం మాత్రం చేత్తో నేర్పలేదు. నేను గీసింది చూసి, "ఇది కొత్తిమీర. రాయి మీద ఉండేది ఇది గాదు," అని తుడిచేసేది. ఎన్నిసార్లు తుడిచిందో. ఒకసారి ఏడుపొచ్చి పలక బల్ల మీద విసిరాను. ఆవిడ పలక తీసి మళ్ళీ నా ఒళ్ళో పెట్టి, లోపలికి పోయి కాఫీ కలుపుకొచ్చింది. ఓదార్చడం ఆవిడకు చేతకాదు.

వానలు వెనకపట్టాక అరియలూరు పోదాం రమ్మంది. వాన కడిగితేనే రాళ్ళు పైకి తేలతాయి. నాయన ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఆఖరికి, "మగదిక్కు లేకుండా అంత దూరం ఎట్ల పంపేది? వరదుడు తోడొస్తే పో," అన్నాడు. వరదుడు అప్పటికి ఇంటరు తప్పి, వీధిలో వాళ్ళనీ వీళ్ళనీ అనుకరించి నవ్విస్తూ తిరుగుతున్నాడు. రైలు ప్రయాణమనగానే ఎగిరి గంతేశాడు. చిత్తూరులో చిన్నబండి ఎక్కి, కాట్పాడి, తిరువణ్ణామలై మీదుగా పోయి, విల్లుపురంలో మారాం. దారి పొడుగునా వాడు టిక్కెట్టు కలెక్టరులా, మా బడి పెద్దమ్మగారిలా, చివరికి రూతమ్మ టీచరులా కూడా మాట్లాడి చూపించాడు. నాతో ఎప్పుడూ పెదవి విప్పి నవ్వని మనిషి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకునేంత నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

అరియలూరు దగ్గర వంకల్లో, తుమ్మకంపల మధ్య, తెల్లటి నేల. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వంగి నడవాలి, అప్పుడే రాతి అంచు నీడ కనబడుతుంది. నేను నడుం విరిగేలా వంగి నడిచాను. కాళ్ళలో ముళ్ళు దిగాయి. ఎండ నెత్తికెక్కే వేళకు నాకొకటి దొరికింది. అరచేతిలో సరిగ్గా ఇమిడేది. మట్టి తుడిస్తే ఒక్క గీత కూడా చెదరలేదు. అన్నీ ఉన్నాయి, లోపలి సుడి దాకా. దాన్ని గుప్పిట్లో పట్టుకుని టీచరమ్మ దగ్గరికి పరిగెత్తాను. సరిగ్గా అప్పుడే వరదుడు పులిహోర తింటానని ఒక దిమ్మె మీద కూర్చుని, కింద ఏదో గుచ్చుకుంటున్నదని లేచి చూశాడు. అది దిమ్మె కాదు. బండిచక్రమంత అమ్మోనైట్.

"ఎంత కన్ను నాయనా నీది," అని ఆవిడ వాడి వీపు తట్టింది.

కన్నా? వాడు కూర్చున్నది కంటితోనా? నేను గుప్పిలి తెరిచి చూపించాను. "బాగుండాది," అని ఆవిడ దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో వేసేసి, మళ్ళీ ఆ చక్రం చుట్టూ తిరగసాగింది. తిరుగు ప్రయాణమంతా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో వాళ్ళిద్దరికీ తట్టనే లేదు, అది ఇంకా మంట.

ఆ తర్వాత ఆదివారాలు వరదుడు కూడా టీచరమ్మ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఆవిడ ప్రార్థనకు పోయి వచ్చేసరికి వీధి అరుగు మీద కూర్చుని ఉండేవాడు. "వరదా, వచ్చినావా," అని ఆవిడ పిలిచే పిలుపు వింటే నాకు పలక పగలగొట్టాలనిపించేది. వాడు సుత్తి పట్టుకుని ఒక మంచి రాయిని రెండు ముక్కలు చేసినా ఆవిడ ఏమీ అనలేదు. నేను ఒక్క గీత తప్పు గీస్తే మాత్రం తుడిచేది. ఇంట్లో శాలగ్రామం వాడిది. వీధిలో నవ్వులు వాడివి. ఈ ఒక్క ఇల్లన్నా నాకు మిగలనీయకూడదా అని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. అయినా గీయడం మానలేదు. రాయి గెలుచుకోవాలి. ఆవిడ పద్ధతి ఆవిడదే కదా, దానికి వరదుడి నవ్వులాటలు పనికిరావు కదా అన్న ధైర్యం ఒకటి ఉండేది.

మరుసటి ఏడు ఆవిణ్ణి మిషను వాళ్ళు నెల్లూరు వైపు ఇంకో బడికి మార్చారు. పోయేముందు రాళ్ళన్నీ పెట్టెల్లో సర్ది, గూడ్సుబండిలో తెప్పించుకున్న ఆ చక్రం లాంటి దాన్ని బడికే వదిలి, మా ఇద్దరినీ రమ్మంది. అరియలూరులో నాకు దొరికిన రాయి ఒక్కటే బల్ల మీద ఉంది. "ఇద్దరూ గీయండి," అని చెరొక పలక ఇచ్చింది. కళ్ళు మూసుకున్నాను. బయటి సుడి నుంచి లోపలి దాకా ఒక్కొక్క గోడా గీశాను. కళ్ళు తెరిచి చూస్తే వరదుడి పలక మీద జిలేబి లాంటిదేదో ఉంది. వాడే చూసి నవ్వాడు. టీచరమ్మ నా పలక తీసుకుని రాయి పక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఈసారి తుడవలేదు. తర్వాత రాయి తీసి వరదుడి చేతిలో పెట్టింది.

వాడే అన్నాడు, "అక్క గదా గీసింది టీచరమ్మా."

"అవును, అక్కే గీసింది." నా వైపు తిరిగింది. "నీకింక రాయెందుకమ్మణ్ణీ, నీ చేతిలోకి ఎక్కిపోయినాది. వీడికి ఏ పనీ నిలబడటంల్యా, చదువూ అంటలా. ఇదన్నా వీడి దగ్గర ఉండనీ. ఒకే ఇల్లు గదా, రోజూ జూసుకోవచ్చు నువ్వు."

ఒకే ఇల్లు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వరదుడు రాయిని ఇంటికి తెచ్చి నాయనకు చూపించాడు. నాయన దాన్ని దీపం దగ్గర పెట్టి, అటూ ఇటూ తిప్పి, "కొన్నది కాదు, అడిగింది కాదు, దానంగా వచ్చినాది. గండకిది కాకపోతే ఏం, చక్రం చక్రమే," అన్నాడు. మంచి ముహూర్తం చూసి శాలగ్రామం పక్కనే వెండి గిన్నెలో కూర్చోబెట్టారు. ముళ్ళు దిగిన కాళ్ళతో నేను మట్టిలోంచి తీసిన రాయి అది. తుడిచింది నేను, గుప్పిట్లో పట్టుకుని పరిగెత్తింది నేను. ఆ రోజు నుంచి దాన్ని నేను ముట్టుకోకూడదు. గడప ఇవతల నిలబడి దాని తీర్థం కూడా పుచ్చుకున్నాను. ఎంత చేదుగా ఉందో.

అన్నిటికంటె విడ్డూరం, వరదుడికి పూజ మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది. పాత శాలగ్రామం నల్లగా నిగనిగలాడుతుంటే తన రాయి మట్టిరంగులో ఉందని వాడికి బెంగ. శనివారాలు నేను సామాను తోమే చోటికి వచ్చి, నా చింతపండులోంచి ఇంత ముద్ద తీసుకుని, కొబ్బరిపీచుతో రాయిని తోమేవాడు. మొదటిసారి చూసినప్పుడే చెప్పాను.

"ఒరే, పులుపు తగలనీకు. నిమ్మరసం పోస్తే బుడగలొచ్చేది జూళ్ళా టీచరమ్మ కాడ? గీతలు పోతాయి."

"నా రాయి మెరిస్తే నీకు ఓర్వలేనితనం," అన్నాడు.

అమ్మతో చెప్పాను. "తమ్ముడి మీద ఇంత కుళ్ళు పనికిరాదే," అంది. నాయనతో చెప్పాను. "స్వామికి చేసే సేవలో తప్పులెంచకూడదు అమ్మణ్ణీ," అన్నాడు. నాకు కుళ్ళు ఉన్నమాట నిజమే, ఇంటిల్లిపాదికీ తెలిసిందే. ఉంటే మాత్రం? చింతపండు నా కుళ్ళు చూసి పులుపు మానుకుంటుందా? నేను చెప్పింది అక్షరాలా నిజం, నా నోట వచ్చింది కాబట్టి ఎవరికీ అక్కర్లేకపోయింది. ప్రతి శనివారం వాడు తోమేవాడు. ఎదురుగా కూర్చుని చెంబులు తోముతూ నేను చూసేదాన్ని. ముందు సన్న గీతలు పోయాయి, తర్వాత లావు గీతలు పోయాయి.

ఏడాది దాటాక బడి వార్షికోత్సవానికి రూతమ్మ టీచరు చిత్తూరు వచ్చి, మా ఇంటికి కూడా వచ్చింది. వరండాలో కుర్చీ వేశాం. రాయి చూడాలంది. నాయన కాసేపు తటపటాయించి సరేనన్నాడు. వరదుడు స్నానం చేసి, తడిబట్టతో, పళ్ళెంలో పట్టువస్త్రం పరిచి దాని మీద పెట్టి తెచ్చాడు. ఆవిడ చెయ్యి చాచింది. వరదుడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"దూరం నించే జూడండి టీచరమ్మా. మడి."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. వంగి చూసింది. రాయి కోడిగుడ్డులా నున్నగా, తెల్లగా మెరుస్తోంది.

"గీతలేవి నాయనా?"

"మెరవాలని చింతపండుతో తోమినాను. అక్క చెప్పింది వద్దని. ఓర్వలేక అంటాందనుకున్నా," అని వరదుడు తల వంచుకున్నాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాడు అబద్ధం చెప్పలేదు.

ఆవిడ వాణ్ణి ఒక్క మాటా అనలేదు. నన్ను చూసి, "గీయి అలివేలూ," అంది. అమ్మణ్ణీ అనకుండా ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. పలక కోసం లోపలికి పోలేదు నేను. ముగ్గుపిండి డబ్బా తెచ్చి వరండా గచ్చు మీద కూర్చున్నాను. కళ్ళు మూసుకుని బయటి సుడి దగ్గర మొదలుపెట్టాను. పిండి జారుతుంటే ఒక్కొక్క గోడా చేతికి తెలుస్తూనే ఉంది. కళ్ళు తెరిచేసరికి నాయన కూడా నిలబడి చూస్తున్నాడు.

"నీకెట్ల గుర్తుండాదక్కా?" అన్నాడు వరదుడు.

"అది ఈ ఇంట్లోకి రాకముందు నేను ముట్టుకున్నాను గాబట్టి," అన్నాను.

రూతమ్మ టీచరు నాయన వైపు తిరిగింది. "అయ్యా, గీతలు పోయినాయి. ఇంక నాకు తెలిసిన రాయి గాదది. ఆ పాప చేతికి ఒక్కసారి ఇయ్యకూడదా?"

ఇవ్వాలని నాయనకు మనసులో లేకపోలేదు. ముగ్గు వైపు చూశాడు, పళ్ళెం వైపు చూశాడు. "ఏడాది పాటు పూజ జరిగినాది టీచరమ్మా. ఇప్పుడది స్వామి. ఆడపిల్ల చేతికి ఎట్ల ఇచ్చేది?" అన్నాడు. వరదుడు పళ్ళెం లోపలికి తీసుకుపోయాడు. ఆవిడ గొడుగు తీసుకుని మెట్లు దిగి, నేను వీధి మలుపు దాకా వెంట పోతే అక్కడ ఆగింది.

"మీ ఇంట్లోకి పోతే అది నీకు దూరమైపోతాదని నాకు తట్టలేదమ్మణ్ణీ. దగ్గరుంటాదనుకున్నా," అంది. నేను వెనక్కి తిరిగాను. ఇంటికి వచ్చేసరికి అమ్మ వరండా ఊడ్చేసింది.

నాకు సంబంధం ఏదీ కుదరలేదు, ఆ గీతలే నాకు అన్నం పెట్టాయి. మద్రాసులో వైద్య కళాశాల ఒకదానిలో ఎముకలూ నరాలూ గీసే పనిలో చేరి, అక్కడే తల నెరిసింది. ఒక్కసారి చేత్తో తడిమి చూస్తే చాలు, కాగితం మీద అది అట్లాగే దిగేది. ఎవరు నేర్పారని అడిగిన ప్రతివాళ్ళకూ రూతమ్మ టీచరు పేరే చెప్పాను. వరదుడు రేణిగుంటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరై ఇప్పుడు తిరుపతిలో ఉన్నాడు. ఆ నున్నటి రాయి ఇంకా వాడి పూజలోనే ఉంది. ఆవిడ చేసింది మంచిదే అని వాడంటాడు. రాయి నాకిచ్చి ఉంటే బీరువాలో పెట్టి మరచిపోయేదాన్ననీ, ఇవ్వలేదు కాబట్టే ఆ కసితో గీతలు చేతిలో నిలిచాయనీ, నా బతుకు అట్లా నిలబడిందనీ అంటాడు. నిజమే అయి ఉండవచ్చు. రాయి దగ్గరుంటే గీతలు మరచిపోయేదాన్నేమో. మరచిపోతే పోయేదాన్ని. రాయి నా దగ్గర ఉండేది కదా.